కొలకర్రకు ఒక మర తక్కువ

మా అత్తగారు దేవుడు ఎదురొచ్చినా గుర్తింపు కార్డు అడిగే మనిషి. ముప్ఫై ఏళ్ళుగా మా ఫ్యాక్టరీలో ఆవిడ పనే తనిఖీ. కూతుర్ని నాకిచ్చి ఆరేళ్ళయినా, నన్ను మాత్రం ఇంకా పరీక్షలోనే ఉంచింది. మామూలుగా ‘బాబూ’ అంటుంది. కోపమొస్తేనే నేను ‘అల్లుడుగారి’నవుతాను.

మా రియాక్టర్లో నిలువుగా వేల గొట్టాలుంటాయి. వాటి నిండా ఉత్ప్రేరకపు గుళికలు పోస్తాం. ప్రొపిలీన్ వాయువూ గాలీ ఆ గుళికల మధ్య నుంచి పోతూ అక్రోలిన్ అనే రసాయనంగా మారతాయి. దానిది మాడిన నూనె వాసన, కాస్త తగిలితే చాలు కళ్ళ వెంట ధారలే. ఏ గొట్టంలోనైనా గుళికలు తక్కువపడితే అది అతిగా వేడెక్కి సరుకంతా కాలిపోతుంది. అందుకే ప్రతి గొట్టంలోకీ కొలకర్ర దించి, పైన మిగిలిన ఖాళీ చూస్తాం. అది పన్నెండు సెంటీమీటర్ల దగ్గర ఉండాలి.

ఈసారి గుళికలు మార్చినప్పుడు నా వంతు నూట ఇరవై గొట్టాలు. అన్నిటికీ పన్నెండు సెంటీమీటర్లని రాసి సంతకం పెట్టాను.

అత్తగారు కాగితాన్ని వెలుతురుకెత్తి చూసింది. “అన్నీ పన్నెండేనా?”

“పన్నెండే అత్తయ్యా.”

“చేత్తో పోసినవి అన్నీ ఒకేలా రావడం నేనెన్నడూ చూళ్ళేదు. కొలవకుండా కూర్చుని రాశారా అల్లుడుగారూ?”

పదిమంది ముందు అనేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. దొంగ కొలతలు రాసినవాడికి మా దగ్గర గేటు బయటే చోటు. నిజానికి ఆవిడ నోటికి భయపడే, తేడా వచ్చిన ప్రతి గొట్టాన్నీ ఖాళీ చేసి మళ్ళీ పోశాను. మోకాళ్ళు కాయలు కాచాయి. ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. సూపర్‌వైజర్ని పక్కన నిలబెట్టుకుని, మూతలు తీసి, తన కొలకర్రతో ఒక్కొక్కటే కొలిచింది. పన్నెండు. పన్నెండు. పన్నెండు. భోజనాల వేళకి నూట ఇరవయ్యీ అయ్యాయి. నేను మీసం మెలేసినంత పని చేశాను.

సూపర్‌వైజర్ తిండికి వెళ్ళాడు. కొలకర్ర తుడుస్తున్న అత్తగారి చెయ్యి ఆగిపోయింది. దాని అడుగున ఇత్తడి బిళ్ళను పట్టి ఉంచే మరలు, అదే స్క్రూలు, రెండుండాలి. ఒకటే ఉంది.

“కిందెక్కడో పడుంటుందిలే అత్తయ్యా. మూతలు పెట్టేద్దాం,” అన్నాను.

ఆవిడ నా వంక చూసింది. గొట్టాలు నావి, సంతకం నాది. నేరం నా నెత్తిన రుద్దడం ఎంతసేపు? ఆవిడ గబగబా భోజనశాలకు నడిచింది. నేనూ వెంటపడ్డాను.

“మా అల్లుడి కొలతలు సరిగ్గానే ఉన్నాయి,” అందరూ వినేలా చెప్పింది. “వాటిలో ఏదో ఒకదాంట్లో నా మర పడింది. గుళికల్లో పరాయి వస్తువు ఉండకూడదు. అన్నీ ఖాళీ చేయించండి. తప్పు నాది.”

మర తొంభై మూడో గొట్టంలో దొరికింది. రియాక్టర్ మొదలుపెట్టడం రెండ్రోజులు వెనక్కిపోయింది. కొలకర్ర ఆవిడ చేతిలోంచి తీసి నాకిచ్చారు. ఆవిణ్ణి నా వరసలో గుళికలు పోయడానికి వేశారు.

మర్నాడు ఆవిడ పోసిన మొదటి గొట్టాన్ని వదిలేసి ముందుకెళ్ళబోయాను. “మీరు పోసింది కదా అత్తయ్యా, కొలవక్కర్లేదు.”

“మనిషిని బట్టి కొలుస్తారా అల్లుడుగారూ? ముందు నేను పోసిందే చూడండి.”

కొలకర్ర దించాను. పదమూడు వచ్చింది. ఇంకోసారి దించాను. పదమూడే. ఆవిడ నా ముఖం చూసి, గొట్టం ఖాళీ చేయడానికి మోకాళ్ళ మీద కూర్చుంది.