లోపలివైపు పేరు

భార్య మరియంబీ పోయిన దగ్గర్నుంచి హిదాయతుల్లా నోట్లో ఒకటే మాట మిగిలింది: తీసుకెళ్ళండి.

కుట్టుమిషను కైకలూరు మరదలు అడిగింది. తీసుకెళ్ళమన్నాడు. పక్కింటివాళ్ళు నవారు మంచం అడిగారు. తీసుకెళ్ళమన్నాడు. మరియంబీ చేతి కర్ర, ఆవిడ కళ్ళజోడు కూడా వెళ్ళిపోయాయి.

"దాదా, రేపు నన్నెవరైనా అడిగినా ఇచ్చేసేలా ఉన్నారు," అంది మనవరాలు నజ్నీన్.

"ఎవరైనా అడిగారా?" అన్నాడాయన. నవ్వలేదు.

ఆయన ఏడవలేదు కూడా. గోరీ దగ్గర మట్టి వేయమంటే పిడికిలి బిగించి, విప్పి చూశాడు. మట్టి ముద్ద కట్టింది. అచ్చుకు పనికొస్తుంది అనుకున్నాడు. తాడేపల్లిగూడెం ఫౌండ్రీలో నలభై ఏళ్ళు ఇసకలో అచ్చులు తీసిన మనిషికి ఇంకేం తోస్తుంది? ఆ రోజు నుంచి ఒంట్లో ఎక్కడా ఏమీ తెలియడం లేదు. అన్నం వేడిగా ఉందో చల్లారిందో నజ్నీన్ చెప్పాల్సిందే.

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనకు ముందు ఆనంద్ పాల్ వచ్చాడు. ఏలూరులో కొత్తగా ఏసీ జిమ్ము పెట్టిన కుర్రాడు.

"తాతగారూ, పాత సామాన్లన్నీ గోడకు పెడుతున్నానండీ. చెయ్యి దూరేలా గుంటలు తొలిచిన సంగిడి రాళ్ళు దొరికాయి. కసరత్తుకు తిప్పే చెక్క లోడీలు దొరికాయి. ఇనప బిళ్ళలు రాకముందు మీరు పోసిన సిమెంటు బిళ్ళలు ఉన్నాయటగా?"

"పెరట్లో ఉన్నాయి. తీసుకెళ్ళండి."

పెళ్ళయిన ఏడాది తాలింఖానాలో కసరత్తు చేసే కుర్రాళ్ళ కోసం పోసినవి అవి. ఇనప బిళ్ళలు కొనే స్తోమతు అక్కడెవరికీ లేదు. రెండు కొసలా బిళ్ళలు ఎక్కించడానికి హిదాయతుల్లా పాత బోరింగు పైపు తెచ్చాడు. పెళ్ళానికి చెప్పకుండా ఆవిడ పుట్టింటి స్టీలు బేసినుకు నూనె రాసి, నడుమ గొట్టం ముక్క నిలబెట్టి, సిమెంటు పోశాడు. ఒకటి కాదు, నాలుగు. ఒక్కోటి పది కిలోలని పేరేగాని తూచినవాళ్ళు లేరు. కొల్లేట్లో వలలు లాగే కుర్రాళ్ళు వచ్చి ఒంటిచేత్తో ఎత్తి, "ఇంతేనాండీ?" అని ఆయన పరువు తీసేవారు. మరియంబీ మాత్రం ఆ బేసిన్లో బియ్యం కడిగినప్పుడల్లా, "ఇవాళ కూర అక్కర్లేదండీ, సిమెంటు ఉందిగా," అని ఏళ్ళ తరబడి దెప్పింది.

పెరట్లో పైపు మీద గుమ్మడి తీగ పాకి ఉంది. ఆనంద్ పాల్ తీగ తప్పించి, ఈ కొసన అతుక్కుపోయిన రెండు బిళ్ళలను బలంగా విడదీశాడు. లోపలివైపు ఏవో గీతలు ఉబ్బెత్తుగా కనిపించాయి.

"ఇదేం భాష, దాదా?" అంది నజ్నీన్.

హిదాయతుల్లాకు తిన్నగా ఉన్న అక్షరాలంటేనే కష్టం. తిరగబడ్డవైతే ఇసక అచ్చుల్లో రోజూ చూసినవే. ఇట్టే చదివేశాడు. మరియంబీ.

బేసిను లోపల అడుగున పుట్టింటివాళ్ళు కొట్టించిన పేరు, సిమెంటు మీద తిరగబడి దిగింది. కుర్రాళ్ళ కంట పడకూడదని తనే ఆ బిళ్ళల్ని జతలుగా, పేరు మీద పేరు ఆనేలా పైపుకు ఎక్కించాడు. అలా దాచిన సంగతే మరిచిపోయాడు.

ఆనంద్ పాల్ బిళ్ళను భుజానికెత్తుకున్నాడు.

"అది వద్దండీ," అన్నాడు హిదాయతుల్లా.

నజ్నీన్ తలెత్తి చూసింది. నలభై రోజుల్లో ఆయన వద్దన్నది ఇప్పుడే.

"పోనీ రెండోది తీసుకోమంటారా?"

"దాని మీదా ఉంది."

"మరి ఆ కొసన ఉన్నవండీ?"

"వాటి మీదా ఉంటుంది. పైపు తీసుకెళ్ళండి."

"ఉత్త పైపు గోడకు పెట్టి ఏం చెప్పనండీ?"

"బరువు ఇంట్లో ఉందని చెప్పండి."

ఆనంద్ పాల్ ఆ కొసన బిళ్ళలు కూడా తీసి పెట్టి, పైపు పట్టుకుని వెళ్ళిపోయాడు. హిదాయతుల్లా కింద కూర్చుని బిళ్ళ మీద అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉంచాడు.

"చల్లగా ఉందే," అన్నాడు చివరికి. "కాస్త కొబ్బరిపీచు తే అమ్మా. మట్టి పట్టించానని మీ దాదీ తిడుతుంది."