గిన్నె పట్టేంత కిటికీ

తాండూరులో ఇల్లు కొందామని మా ఆయన మొదటిసారి అన్నప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. "నీకేమన్న పిచ్చా?" అన్నాను, తల తిప్పకుండానే.

అప్పుడు మేం వికారాబాద్‌లో అద్దెకుంటున్నాం. డాబా ఎక్కితే అనంతగిరి గుట్టలు కనిపించేవి. నాలుగేళ్ల మా పాపకు చలికాలం వస్తే చాలు, ఛాతీలో పిల్లికూతలు. "ఈ ఊరి గాలి మంచిదమ్మా, అదృష్టవంతులు" అని డాక్టరు అన్నప్పటి నుంచి ఆ గుట్టలు మా ఇంటి మనుషులైపోయాయి. మరి తాండూరు? నాపరాళ్లు పాలిష్ చేసే మిషన్లు, కందుల లారీలు, రోడ్ల మీద తెల్లటి పొడి. అక్కడి కాలేజీలో పాఠాలు చెప్పి ప్యాసింజర్ రైల్లో తిరిగొచ్చిన మా ఆయన చొక్కా దులిపితే, నేను పాపను ఎత్తుకుని పక్క గదిలోకి వెళ్లిపోయేదాన్ని.

"ఒక్కసారి చూడు. నచ్చకుంటే మళ్ల గా ముచ్చటే తియ్య," అన్నాడు.

చూడకుండా ఉండాల్సింది. చూశాక ఇంకేం మిగల్లేదు నాలో, ఆ ఇల్లు తప్ప.

ధాన్యం అమ్మే గంజ్ వెనక సందులో ఉంది. బయటినుంచి చెప్పుకోవడానికి ఏమీ లేదు. పాత గోడ, ఒక తలుపు. వీధివైపు ఒక్క కిటికీ కూడా లేదు. తలుపు దాటి లోపలికి అడుగుపెట్టగానే హమాలీల కేకలు, ఆటోల హారన్లు వెనక ఎక్కడో ఉండిపోయాయి. నడిమిట్ల ఆకాశం, చుట్టూ వసారా, వసారా చుట్టూ గదులు. గోడలు మూరకంటే మందం. ఇల్లంతా నీలం రంగు నాపరాళ్లు. ఎందరి పాదాలు నున్నగా చేశాయో, ఇప్పుడే నీళ్లు చల్లినట్టు మెరుస్తున్నాయి. పాప చెప్పులు విడిచేసి రాళ్ల మీద బోర్లా పడుకుని చెంప ఆనించింది.

"అమ్మా, మస్తు సల్లగుంది! నువ్వు గూడ పండుకో!"

ఇల్లు అమ్మేది ధాన్యం వ్యాపారం చేసే కుటుంబం. ఆ ఇల్లాలు నాకంటే కొంచెం పెద్దది. అక్కా అని పిలిచాను. సందులోకి లారీ రాదని బైపాస్ దగ్గర గోదాము, దానిమీదే ఇల్లు కట్టుకున్నారట. "ఈడ ఒక్కో బస్తా మోపిచ్చి రోడ్డుదాక పంపాలె. ఆడైతే లారీ మా మంచం కాడికే వస్తది," అని నవ్వింది.

ఆ మధ్యాహ్నమంతా అక్కడే ఉండనిచ్చింది. పాప రాళ్ల మీదే నిద్రపోయింది. నేను దాని వీపు మీద చెవి పెట్టి విన్నాను. కూత లేదు. తడి రుమాలుతో ఒక్కో గదిలో నేల తుడిచి చూశాను. రుమాలుకు ఏ పొడీ అంటలేదు. మా ఆయన నవ్వాపుకోవడానికి మీసం సవరించుకుంటున్నాడు. నవ్వితే నవ్వనీ! వీధికి కిటికీ లేని ఇంట్లోకి వీధి దుమ్ము ఎలా వస్తుంది? ఇన్నేళ్లలో ఒక్క ఇల్లయినా ఇలా నా భయాన్ని ఎరిగి కట్టినట్టు కనిపించలేదు.

వంటింట్లో మాత్రం రుమాలుకు పసుప్పచ్చటి పొడి అంటింది. గోడలో చిన్న చెక్క తలుపు ఉంటే గూడనుకుని తీశాను. గూడు కాదు. ఒక గిన్నె పట్టేంత కిటికీ. అవతల పక్కింటి వంటిల్లు. అక్కడ చాటతో కందిపప్పు చెరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది, మనుషులు కనిపించడం లేదు. పొట్టు నుసి నా మొహానికే తగిలింది. వెనకాలే వచ్చిన పాప వరసగా తుమ్మింది.

"గిది ఒక్కటి ఇటుకలు పెట్టి మూయిద్దాం. ఇంక ఇల్లు మనదే!" అన్నాను మా ఆయనతో. గొంతులో ఆనందం ఆగక గట్టిగానే అన్నాను.

బయల్దేరేటప్పుడు అక్క ఒక మాట చెప్పింది. "మీకే ఇయ్యాలనుంది. కని గోడ కలిసినోళ్లను ముందు అడగాలె. మా సందుల గట్లనే. పక్కింటామె 'నాకొద్దు' అని మీ చేతుల బెల్లం ముక్క పెడితేనే అమ్ముతం."

"ఆమె తీసుకుంటనంటే?" అన్నాను.

"రెండిండ్లు ఏం జేసుకుంటది? ఫికర్ చెయ్యకు."

ఇంటికొచ్చాక రోజూ పాపను పడుకోబెట్టి కాగితం మీద ఆ ఇల్లు గీసేదాన్ని. ఇక్కడ పాప మంచం, ఇక్కడ నా పుస్తకాలు, వసారా మూల తులసి కుండీ. గీసింది చాలక మళ్లీ గీసేదాన్ని. ఆవిరిపట్టే మిషన్ ఏ గోడకు పెట్టాలో కూడా నిర్ణయించేశాను.

అప్పుడు అక్క ఫోన్ చేసింది. "పక్కామె తనే తీసుకుంటనంటుందమ్మా. నీమీద మస్తు కోపమున్నది. ఏమన్న అన్నవా?"

ఆ కిటికీ, అవతల చాట చప్పుడు గుర్తొచ్చాయి.

మర్నాడు మా ఆయన ఎక్కే రైలే పాపతో సహా ఎక్కాను. ఆయన కాలేజీకి వెళ్లాడు, నేను పక్కింటి గడపలో నిలబడ్డాను. పెద్దావిడ కోడలితో కన్నడంలో ఏదో చెబుతూ పప్పు చెరుగుతోంది. నన్ను చూసి చాట ఆపలేదు.

"ఎవరు, ఇటుకలామెనా? మేస్త్రీని తోలుకరాలేదా?"

"పెద్దమ్మా..."

"నాకెందుకమ్మా గా ఇల్లు? ఉన్నది ఊడ్వనీకే నడుం పోతుంది. కని కిటికీ మూసేటోళ్లకు మాత్రం పోనియ్య. నేను బషీరాబాద్ అవతల కన్నడ ఊరి నుంచి పెండ్లయి వచ్చిన్నాడు నాకు తెలుగు ఒక్క ముక్క రాదు. ఆ ఇల్లు అమ్మేటామె అత్తమ్మనే కిటికీలకెళ్లి మాటలు నేర్పింది. నా కొడుకు పుడితే అండ్లకెళ్లే వేడన్నం ఇచ్చింది. మీరేమో రాకముందే ఇటుకలు తెస్తిరి!"

మూయనని చెబితే అయిపోయేది. ఇల్లు మాదయ్యేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ పాప నా కొంగు పట్టుకుని, ఆ నుసిలో, ముక్కు నలుపుకుంటోంది.

"పెద్దమ్మా, మూయనని ఇయ్యాల మీకు చెప్త. రేపు పిల్లకు ఊపిరాడక దమ్మొస్తే నేనే మూస్త. అందుకే చెప్పనీకి భయమైతుంది. నాకు కిటికీతోని లొల్లి లేదు. గీ పొట్టు నుసితోనే."

చాట ఆగింది. "నుసికా? మా మొహాలు చూసుడు ఇష్టం లేక కాదా?"

"వికారాబాద్‌ల మా కింది ఇంట్ల ఎవరుంటరో నాకు తెల్వదు పెద్దమ్మా. పిల్లకు రాత్రి దమ్మొస్తే ఎవరిని లేపాలె అని రోజూ అదే ఆలోచన."

ఆవిడ నన్ను కాదు, పాపను చూసింది. "మరి గా కిటికీల తలకాయ పెట్టి 'పెద్దమ్మా, నుసొస్తుంది' అని ఒక్క మాట అనరాదు? సదువుకున్నోళ్లు సీదా ఇటుకలకే పోతరా?" అని కోడలి వైపు తిరిగింది. "రేపటిసంది చెరుగుడు మిద్దె మీదనే."

"నేనెన్నాళ్ల సంది చెప్తున్న అత్తమ్మా! నాకూ తుమ్ములే!" అంది కోడలు.

"నీకెప్పుడైన పని చెప్తే తుమ్ములే," అని ఆవిడ చాట కింద పెట్టి లేచింది. "నువ్వు ఆ ఇంట్లకు పో. వంటింట్ల నిలబడు."

దాదాపు పరుగెత్తాను. అక్క తలుపు తీసింది, ఏమైందని అడుగుతున్నా ఆగకుండా వంటింట్లోకి వెళ్లాను. చిన్న చెక్క తలుపు అవతలినుంచి కిర్రుమంది. ముందు గాజులు, తర్వాత చేయి, చేతిలో బెల్లం ముక్క.

"నాకొద్దు. మీరే తీసుకోండ్రి," అంది ఆవిడ, సందంతా వినపడేట్టు. తర్వాత గొంతు తగ్గించి, "బా, బా" అంది పాపను, రమ్మని, తన పుట్టింటి భాషలో.

పాపను ఎత్తి పట్టుకున్నాను. దగ్గొస్తుందని పోయిన చలికాలం నుంచి దానికి బెల్లం చూపించనైనా చూపించలేదు. అది ముక్క అందుకుని, తినకుండా, నా మొహం చూసింది.

"తిను," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఒక్క కొరుకు కొరికి, నా చేతుల్లోంచి ముందుకు వంగి, కిటికీలో తల మొత్తం పెట్టేసింది.

"పెద్దమ్మా, ఇంకోటి ఉన్నదా?"