ఊపిరి తీసుకునే చోట కొయ్యాలి

కంప్యూటర్‌కి ఎనిమిది కోర్లు, అంటే ఎనిమిది మెదళ్లు, ఉంటే మాత్రం ఏం లాభం చెప్పండి, ఏడు ఊరికే కూర్చుని ఒక్కటే పని చేస్తుంటే? సెట్టింగుల్లోకి వెళ్లి అన్నీ వాడమని టిక్కు పెట్టాను. తీసి మళ్లీ పెట్టాను. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. ఏమీ మారలేదు. ఇలాంటప్పుడు ఫోన్ చెయ్యడానికి ఇన్నేళ్లుగా నాకు ఒక్కటే నంబరు. ఆ నంబరు మనిషి, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే మా మిక్సింగ్ సార్, పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. పొద్దున్నే టీ పెట్టుకుని, తాగకుండానే పోయారు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లెక్కుతుంటే నాకు కబురొచ్చింది. ఉన్నచోటే కూలబడ్డాను. "జర పక్కకు కూసోరాదె అన్నా," అన్నారెవరో వెనక నుంచి. పక్కకి జరిగి కూర్చున్నాను.

ఇవాళ పెద్దకర్మ. ఎల్‌బీ నగర్‌లో సార్ ఇంట్లో, సార్ కంప్యూటర్ ముందే ఉన్నాను. బయట టెంటు కింద కుర్చీలు వేస్తున్నారు. సార్‌కి భార్యాపిల్లలు లేరు. ఉన్నది ఒక్క అక్క, ఎనభై దాటిన మనిషి. ఊరి నుంచి ఆవిడ వచ్చేసరికి దహనం అయిపోయింది. ఆఖరిచూపు దక్కలేదు. నిన్న నా చెయ్యి పట్టుకుని, "ఫొటో వద్దు నాయనా. ఫొటోలో ఎవడైనా బిగుసుకునే ఉంటాడు. మా వాడు కదిలేది ఏదైనా ఉంటే చూపించు," అన్నారు. రెండు గంటల బస్సుకి ఆవిడ వెళ్లిపోతారు. ఇప్పుడు పదకొండున్నర. ఆవిడ కోసం కూర్చిన వీడియో తయారవడానికి ఇంకా ఐదు గంటలు పడుతుందని తెర మీద చూపిస్తోంది.

సార్ గోదావరి వైపు మనిషి. నాది నల్లగొండ వైపు ఊరు, చదివింది ఊరి బడి. నేను పెళ్లిళ్లు షూట్ చేసి తెస్తే దిల్‌సుఖ్‌నగర్ షాపులో ఆయన కోసి, అతికించి, అక్కడక్కడ పూలు చల్లి ఇచ్చేవారు. ఈ మిషన్ కొన్న రోజు ఇద్దరం దాని ముందు కొత్త పెళ్లికొడుకుని చూసినట్టు కూర్చున్నాం. తెర మీద ఎనిమిది గడులు, కోరుకొకటి. ఒకదాంట్లో గీత పైకి లేచింది. మిగతా ఏడింట్లో నేలకి అతుక్కుని ఉంది.

"మా బడి లెక్కనే ఉన్నది సార్," అన్నాను. "ఒక్కడు ఎక్కం చెప్తుంటే మిగిలినోళ్లం ఉత్తగ పెదవులు ఆడిచ్చెటోళ్లం."

సార్ నవ్వలేదు. "మరి మీ మేస్టారు ఏం చేసేవాడయ్యా?"

"ఒక్కొక్కన్ని లేపి తలా ఒక ఎక్కం చెప్పుమనెటోడు. గప్పుడు దొరికెటోళ్లం."

"అదీ సంగతి!" అని కుర్చీ ముందుకి లాక్కున్నారు. పెళ్లిని ఎనిమిది ముక్కలు కోశారు. అదే సాఫ్ట్‌వేర్‌ని ఎనిమిదిసార్లు తెరిచి, ఒక్కోదానికి ఒక్కో ముక్క ఇచ్చారు. ఎనిమిది గడుల్లోనూ గీత లేచింది. బుర్ర పెట్టింది ఆయన. కానీ షాపుకొచ్చిన ప్రతివాడికీ "మావాడి బడి పద్ధతి" అనే చెప్పేవారు.

కోతకి ఆయనదొక నియమం. "మాట మధ్యలో కొయ్యకు. మనిషి ఊపిరి తీసుకునే చోట కొయ్యి. అక్కడ అతుకు వినబడదు."

ఒకసారి నేనే ఒక పెళ్లిని పది ముక్కలు చేసి, ఒకటి నుంచి పది దాకా నంబర్లు వేశాను. కంప్యూటర్ ఒకటి పక్కన పదిని పెట్టి అతికించింది. చూడకుండా ఇచ్చేశాను. ఎదురుకోలు అయిన వెంటనే అప్పగింతలు!

"పెండ్లి కాకముందే మా పిల్ల ఏడ్సుకుంట పోయింది, ఏందయ్యా ఇది?" అని పిల్ల తండ్రి షాపు మీదికొచ్చాడు.

"తప్పు నాదేనండీ, వయసు మీద పడుతోంది," అన్నారు సార్. అతను వెళ్లాక నాతో ఒక్క మాటే అన్నారు. "అంకెకి ముందు సున్నా పెట్టవయ్యా, సున్నా ఒకటి, సున్నా రెండు అని. వరస తప్పదు."

పద్ధతి తెలియక కాదు నేను ఇందాకటి నుంచీ టిక్కులతో ఆడుతున్నది. సార్ మీద కత్తి పెట్టడానికి చెయ్యి రాలేదు. జీవితమంతా కెమెరా వెనకే నిలబడ్డ మనిషి. పాత టేపులన్నీ వెతికితే ఒక చోట చెయ్యి దొరికింది, ఒక చోట సగం ముఖం, ఇంకో చోట "లైటు కొంచెం ఎడమకి తిప్పవయ్యా" అన్న గొంతు. అన్నీ కలిపితే నలభై నిమిషాలు. దాన్ని మళ్లీ ముక్కలు చెయ్యాలా అనిపించింది.

కానీ బస్సు ఆగదు కదా. చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని సార్ ఊపిరి కోసం విన్నాను. ఏడు చోట్ల దొరికింది. ఏడు చోట్లా కోశాను.

ఎనిమిది గడులూ లేచాయి. మిషన్ ఫ్యాను రొద పెడుతోంది. లేచి టెంటు దాకా వెళ్తున్నాను, వచ్చి చూస్తున్నాను, మళ్లీ వెళ్తున్నాను. కాలు నిలవక, ఇందాక మొదలుపెట్టిన ఈ నాలుగు మాటలూ మధ్యమధ్య రాస్తున్నాను. ఒంటిగంట దాటింది. ఏడు ముక్కలు అయ్యాయి. ఆఖరిది తెర మీద మెల్లగా కదులుతోంది. అందులో సార్, కెమెరా ఆగిపోయిందనుకుని దాని ముందుకి వచ్చారు. చొక్కా అంచుతో లెన్సు అద్దం తుడుస్తున్నారు. తెర నిండా ఆయన ముఖమే. పెదవి కొస పళ్ల మధ్య పట్టుకుని, చంటిపిల్లకి కాటుక దిద్దుతున్నట్టు అంత శ్రద్ధగా. ఇన్నేళ్లలో ఆయన్ని ఇంత దగ్గరగా నేనెప్పుడూ—

"నాయనా, ఆటో వచ్చేసింది! మా వాడు వచ్చాడా?"

"ఒచ్చిండమ్మా. లోపలికి రా, ఈ కుర్చీల కూసో."