అత్తమ్మ ఎడమ చెయ్యి, అందరికీ ఇచ్చిన కాగితం

ఆ ఆదివారం పొద్దున మా అత్తమ్మ చేతిలోంచి రవ్వ చేప జారి కింద పడింది. తీసి పట్టుకుంటే మళ్లీ జారింది. అలియాబాద్ రోడ్డు పక్కన ముప్పై ఏళ్లుగా కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోసి అమ్మే మనిషి ఆమె. సెలవు రోజు కదా అని సాయానికి వెళ్లిన నేను, "ఏందత్తమ్మా, ఇయ్యాల శాపనే నిన్ను గెలిచింది" అని నవ్వాను కూడా. మామూలుగా అయితే నాలుగు తిట్టేది. ఆ రోజు ఊరికే నా వైపు తిరిగింది. మూతి ఒక పక్కకి పోయి ఉంది.

మా ఆయన ఆటోలో మేడ్చల్ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. సీటీ స్కాన్ తీసి, బ్రెయిన్‌లో క్లాట్ ఉంది, స్ట్రోక్ అన్నారు. "జల్దీ తీసుకొచ్చిండ్రు, మంచిదైంది" అని డాక్టర్ ఇంజెక్షన్ రాశారు. మూడో రోజుకి మాట తేటపడింది. మొదటగా అడిగింది తన కత్తిపీట ఎక్కడ పెట్టారని. పట్టు తప్పిన ఎడమ కాలు సర్దుకుంది గానీ ఎడమ చేతి వేళ్లు ముడుచుకోలేదు. చేపను అదిమి పట్టేది ఆ చెయ్యే. అది రాకపోతే ఇక కోత లేదు, అమ్మకం లేదు, రోడ్డు మీద వచ్చేపోయే వాళ్లతో కబుర్లూ లేవు. ఆమెను ఇంట్లో ఊరికే కూర్చున్న మనిషిగా ఊహించుకోవడానికే నాకు భయం వేసింది.

డిశ్చార్జ్ రోజు ఫిజియోథెరపీ మేడమ్ ఒక స్పాంజి బంతి, బొమ్మలున్న కాగితం ఇచ్చి, ఇంట్లో చేసుకుని మూడు వారాలకు రమ్మంది. అదే రోజు ఇంటికి వెళ్తున్న బౌరంపేట్ రిటైర్డ్ లెక్కల మాస్టారికీ స్ట్రోక్‌తో పడిపోయింది ఎడమ చెయ్యే, ఆయనకూ అవే ఇచ్చింది. ఎవరికీ ఎక్కువ తక్కువ చెయ్యలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

అత్తమ్మకు చదువు రాదు. "బొమ్మల ఉన్నట్టే చెయ్యి" అని చెప్పి నేను స్కూల్లో నా ఆఫీసు పనికి వెళ్లిపోయేదాన్ని. సాయంత్రం అడిగితే వంద సార్లు పిసికానని చెప్పేది.

మూడు వారాలకు మాస్టారు గ్లాసు పట్టుకున్నారు. అత్తమ్మ వేళ్లు మాత్రం ఎక్కడివక్కడే. మేడమ్‌కి అనుమానం వచ్చి, ఎలా చేస్తున్నావో చూపించమంది. అత్తమ్మ బంతిని కుడి చేత్తో తీసుకుని కసితీరా పిసికింది. బొమ్మలో ఉన్నది కుడి చెయ్యే మరి.

"డాక్టరమ్మ ఇచ్చింది ఎడమ చేత్తోని ఎట్ల పట్టుకుంటరు బిడ్డా, తప్పు గాదా?" అంది.

ఆమె మందుబిళ్లను కూడా కళ్లకద్దుకుని కుడి చేత్తోనే వేసుకుంటుంది. అందరం పగలబడి నవ్వాం. తర్వాత నాకు ఏడుపొచ్చింది. కాగితం చదవగలిగినదాన్ని నేను, ఒక్క రోజైనా పక్కన కూర్చోలేదు.

"తప్పు మాదేనమ్మా" అంది మేడమ్. "అందరికీ ఒకటే ఇస్తే న్యాయం చేసినట్టే అనుకున్నాం. ఎవరికి ఏం కావాలో అడగలేదు."

అప్పుడు అడిగింది, ఏం పని చేస్తావని. బంతి పక్కన పెట్టి, తడి తువ్వాలను చేపంత లావున చుట్టి, ఎడమ చేత్తో అదిమి కుడి చేత్తో పొలుసు తీసినట్టు గీకమంది. అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. కానీ దీనికి మేడమ్ పక్కనే ఉండి చేయించాలి. వారానికి మనిషికి రెండు అరగంటలే, అవి చాలవు. వింటున్న మాస్టారు కల్పించుకున్నారు.

"నాకు ఆ కాగితం, మా ఆవిడ చాలండి. నా టైము కూడా ఈ చేపలమ్మకే ఇవ్వండి."

ఆ తర్వాత అత్తమ్మ వారానికి నాలుగు రోజులు వెళ్లింది. నడుమ బీపీ బిళ్లలు మానేసి కళ్లు తిరిగి పడబోతే డాక్టర్ గట్టిగా కోప్పడ్డారు. చేపలా జారేలా తువ్వాలకు నూనె రాసి పట్టించారు. ఒక రోజు నిజమైన కొర్రమీనునే కవర్లో తీసుకెళ్లింది. గదంతా నీచు వాసన. అయినా అది చేతిలోంచి జారకపోతే అక్కడున్న పేషెంట్లంతా చప్పట్లు కొట్టారు.

ఐదు నెలలకు మళ్లీ కత్తిపీట ముందు కూర్చుంది. మొదటి చేప మాస్టారికే కోసి, సంచీని ఎడమ చేత్తో అందించింది. "ఏమనుకోకు సారూ, గీ చెయ్యి నీదే" అంది. ఆయనా ఎడమ చేత్తోనే అందుకున్నారు. నా సంతోషం ఇంతా అంతా కాదు.

ఇప్పుడు ఒక పూటే కూర్చుంటుంది, బిళ్ల తప్పదు, నన్ను తిట్టడమూ తప్పదు. మీకు చెప్పేది ఒక్కటే. ఆసుపత్రిలో కాగితం ఇస్తే తలూపి వచ్చేయకండి. మీ మనిషి చేత అక్కడే, వాళ్ల ముందే ఒకసారి చేయించి చూపండి. అలా చూపించక మేము మూడు వారాలు మంచి చేతికి వైద్యం చేశాం.