నెబులైజర్‌లో తెల్లటి పొడి

ఈ మధ్యాహ్నం కైకలూరులో పెదనాన్నని చూడటానికి వెళ్లాను. ఆయనకి ఊపిరితిత్తుల కేన్సర్. దానికి రోజూ ఒక మాత్ర, ఆయాసానికి నెబులైజర్. మాస్క్ కడుగుదామని తీస్తే, మందు పోసే కప్పు అడుగున తెల్లటి పొడి కనిపించింది.

"ఇదేంటి పెదనాన్నా?"

"కేన్సర్ మాత్రేనమ్మా, నూరి కలిపాను. కేన్సర్‌కి పీల్చే మందు తయారుచేస్తున్నారని డాక్టరుగారే అన్నారు కదా. చేపకి మొప్పల జబ్బొస్తే మందు నీళ్లలో చల్లుతాం గానీ మేతలో కలుపుతామేంటి?"

ముప్పై ఏళ్లుగా చేపల చెరువులు చేస్తున్న మనిషి.

ఆయనకి వైద్యం చేసే ఏలూరు డాక్టరుగారికి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి విషయం చెప్పాను. డాక్టరుగారు, "ఎన్ని రోజుల నుంచండీ?" అన్నారు. పెదనాన్న వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టారు. రెండో చేతికి వచ్చేసరికి దగ్గు తెర కమ్మేసింది.

ఇది పెదనాన్నని చేర్పించాక, ఏలూరు ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఆ పీల్చే మందు ఇంకా పరిశోధనలోనే ఉందని కూడా, దాని మాట ఎత్తిన రోజే డాక్టరుగారు చెప్పారు. పక్కనే ఉన్న నేను విన్నాను, పెదనాన్న వినలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు డాక్టరు మాటల్లో ఏ సగం విన్నారో మీరెప్పుడైనా అడిగారా? నేను అడగలేదు.