తాంబూలాల వేళ బొమ్మల సినిమా

పోయిన శ్రావణం రెండో శుక్రవారం, పొద్దున పదిన్నర. పెనుకొండలో మా ఇంట్లో మనవరాలు అనితకు తాంబూలాలు మార్చుకుంటున్నాం. పెళ్లికొడుకు వాళ్లు ధర్మవరం నేతగాళ్లు. పిల్లలు గోల చేస్తుంటే టీవీలో పిల్లి బొమ్మ చూసి నేనే ఒక సినిమా పెట్టాను. తెలుగు అక్షరాలే అరవై ఏళ్ల వయసులో నేర్చుకున్నదాన్ని, పక్కనున్న ఇంగ్లీషు హెచ్చరిక చదవలేకపోయాను.

కాసేపటికి ఆ పిల్లి గుడ్డలన్నీ విప్పేసింది. రిమోటు ఎంత నొక్కినా ఆగలేదు.

"అవ్వా, అది పెద్దోళ్ల సినిమా. చాటుగా అమ్మే బొమ్మల పుస్తకాల నుంచి తీసినారు," అంది అనిత, ఏడుపు గొంతుతో.

వైరు పీకేశాను. పెళ్లికొడుకు నాయన రామన్న చేతిలోని తాంబూలం పళ్లెం కింద పెట్టేశాడు. సంబంధం పోయిందనుకున్నాను.

"ఏమత్తా, ఊరందరికీ చీరలు నేస్తాండాము, ఆ పిల్లికి ఒకటి అందలేదే," అన్నాడాయన, మళ్లీ పళ్లెం అందుకుంటూ.

నన్ను అత్తా అన్నాడు. వరస కలిపాడంటే సంబంధం నిలిచినట్టే. బొమ్మల సినిమాలన్నీ పిల్లలవి కావు.

ఆ పూట అక్కడున్నది నేను, అనిత, నా కొడుకు నరసింహులు, కోడలు సుజాత, రామన్న, ఆయన భార్య లక్ష్మక్క, పెళ్లికొడుకు మధు, నోరు తెరుచుకుని చూసిన ముగ్గురు పిల్లలు.