రోడ్డులో పోయిన ముందు గది

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే అక్కడి నుంచి లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఆదివారం చర్చి, మిగతా రోజులు బడిలో పిల్లలకు లెక్కలు, ఇంతే నా జీవితం. చనిపోయినవాళ్లు దేవుడి దగ్గర ఉంటారని నమ్ముతాను కానీ, రోడ్డు పక్కన కూర్చుని ఉంటారని ఏనాడూ అనుకోలేదు. ఇది చదివి నవ్వుకునేవాళ్లను తప్పుపట్టను.

మా ఇల్లు కార్ఖానా అనే బస్తీలో మెయిన్ రోడ్డు మీదే ఉండేది. రిటైరయ్యాక నాన్న పొద్దంతా ముందు గదిలో, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునేవాడు. ఎదురుగానే బస్సులు ఆగేవి. ఏ బస్సు ఎటు పోతుందో, ఏది ఇప్పుడే వెళ్లిపోయిందో అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ చెప్పేవాడు. ఎండాకాలంలో దాహమన్నవాళ్లకు అమ్మ చేత నీళ్లు ఇప్పించేవాడు.

పైన ఫ్లైఓవర్ వస్తుందని, కింద రోడ్డు వెడల్పు చేస్తారని కొలతలు తీసి, పక్క గోడ మీద ఎర్ర గీత గీశారు. ముందు గది మొత్తం గీతకు అవతల పడింది. నాన్న మాత్రం కుర్చీ జరపలేదు. "వాళ్లొచ్చినప్పుడు లేస్త తియ్," అనేవాడు.

వాళ్లు రాకముందే ఒక మధ్యాహ్నం ఆ కుర్చీలోనే ప్రాణం పోయింది. అమ్మ టీ తీసుకుని వెళ్లేసరికి కిటికీ ఊచలకు తల ఆనించి ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని టీ పక్కన పెట్టి వచ్చేసింది. ఆ సంగతి తలుచుకుని అమ్మ ఇప్పటికీ ఏడుస్తుంది.

కొన్ని నెలలకు మెషీన్ వచ్చింది. ముందు గది పడగొట్టడానికి ఒక పూట కూడా పట్టలేదు. మిగిలిన వంటగదికీ, వెనక గదికీ ముందర కొత్త గోడ కట్టించి తలుపు పెట్టుకున్నాం. నాన్న కూర్చున్న చోట తారు పడింది. దాని మీదుగా బస్సులు పోతుండేవి. అమ్మ తలుపు తీసినప్పుడల్లా ఆ చోటు వైపు చూసి, మళ్లీ మూసేసేది.

మొన్న వేసవి సెలవుల్లో నేను ఇంట్లో ఉండగా, మిట్టమధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. తీస్తే నడివయసు ఆవిడ. చేతుల్లో మోండా మార్కెట్ నుంచి తెచ్చుకున్న కూరగాయల సంచులు. ముఖం ఎండకు కమిలిపోయి ఉంది. నా వెనకే అమ్మ వచ్చింది.

"యాప్రాల్ బస్సు ఇప్పుడు ఈడ ఆగుతలేదంట గద పెద్దమ్మా, ముందటికి పోవాల్నంట. కిటికీ కాడ కూసున్న పెద్దాయన చెప్పిండు. దూపైనట్టున్నవ్, జెర నీళ్లు తాగి పో, లోపల సుగ్గుని అడుగు అన్నడు. సుగ్గు అంటే మీరేనా?"

అమ్మ పేరు సుగుణ. చుట్టాలకు, చర్చిలో వాళ్లకు సుగుణమ్మ. సుగ్గు అని పిలిచింది నాన్న ఒక్కడే, అదీ ఇంట్లో ఎవరూ లేరనుకున్నప్పుడు. నేను కూడా ఆ పిలుపు చిన్నప్పుడు చాటు నుంచి విన్నదే.

అమ్మ నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆవిడ తాగేదాకా ఆగి, "ఏ కిటికీ బిడ్డా?" అని అడిగింది.

ఆవిడ వెనక్కి తిరిగి చెయ్యెత్తి, అలాగే ఆగిపోయింది. అక్కడ బండ్లు పోతున్నాయి.

"ఈడనే గద ఉండె," అంది మెల్లగా. "ఊచలకు తల ఆనిచ్చి కూసున్నడు."

సంచులు తీసుకుని గబగబా వెళ్లిపోయింది. నేను వెంటపడి పేరు అడిగాను. "నాకేం తెల్వదమ్మా, నన్ను పరేషాన్ చెయ్యకుండ్రి," అని, ఆగకుండా జనంలో కలిసిపోయింది.

ఎండదెబ్బకు కళ్లు తిరిగి ఏదో కనబడి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. మా సంగతి తెలిసినవాళ్లెవరో ఆవిడకు చెప్పి ఉండొచ్చనీ అనుకున్నాను. కానీ ఆ పేరు మా వాడకట్టులో ఎవరికి తెలుసు?

అప్పటి నుంచి అమ్మ రోజూ గుమ్మం బయట నిలబడడం మొదలుపెట్టింది. ఒకరోజు నేను స్నానం చేసి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. బయట హారన్లు మోగుతున్నాయి. రోడ్డు మీద ఒక బస్సు అడ్డంగా ఆగి ఉంది. దాని డ్రైవర్ అమ్మ చెయ్యి పట్టుకుని ఇవతలికి నడిపించుకొస్తున్నాడు. అమ్మ సరిగ్గా నాన్న కుర్చీ ఉన్న చోటే నిలబడిందట.

"బ్రేకు పడ్డది కాబట్టి సరిపోయింది మేడం. అమ్మను జెర చూసుకోండ్రి," అన్నాడు. కోప్పడలేదు.

ఆ సాయంత్రం అమ్మను అడిగాను, ఏమైనా కనబడిందా అని.

"ఏం లేదు," అంది. "ఎంత సేపు నిలబడ్డా ఏం లేదు."

ఇక అమ్మను ఆ ఇంట్లో ఉంచడానికి నాకు ధైర్యం చాలలేదు. యాప్రాల్‌లో ఒక వాటా అద్దెకు తీసుకుని మారిపోయాం. అమ్మ ఎదురు చెప్పలేదు. ఆ కూరగాయల సంచుల ఆవిడ కోసం బస్సుల్లో, స్టాపుల్లో ఇప్పటికీ చూస్తుంటాను. మళ్లీ కనబడలేదు.

ఇక్కడికి వచ్చాక ఒకనాడు బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే అమ్మ అంది. "ఎవరో దూపైనామెకు కనబడ్డడు. నా దూప ఆయనకు తెల్వదా బిడ్డా?"

ఆవిడ ఎవరిని చూసిందో, ఆ పేరు ఆవిడ నోటికి ఎలా వచ్చిందో నేను ఈ రోజుకీ చెప్పలేను. ఆ రోజు అమ్మ పక్కన కూర్చుని నేనూ బియ్యం ఏరాను.